విస్తరి పక్కన గ్లాసు

భోజనం సూరత్‌లో, మరణం కాశీలో అని గుజరాతీల సామెత. కాశీ సంగతి తర్వాత చూసుకోవచ్చు గాని, మొదటి సగం నిజమేనని ఈ ఊళ్లో కాపురముంటున్న తెలుగువాళ్లం ఒప్పుకుంటాం. లోచో, ఉంధియూ, చందనీ పడవో నాటి ఘారీ, చలికాలం రాగానే పోంక్. పోంక్ అంటే మరేం కాదు, మన జొన్న ఊచబియ్యమే. నూనె దండిగా, పచ్చిమిర్చి, వెల్లుల్లి ధారాళంగా పడే వంట కాబట్టి తెలుగు నాలుకకు ఇట్టే పట్టుబడుతుంది. ఇంత కారంగా, ఇంత ఇష్టంగా తినే ఊళ్లో భోజనం పక్కన తాగడానికి దొరికేది మజ్జిగ. కాస్త పెద్ద రెస్టారెంటయితే రంగు రంగుల మాక్‌టెయిల్. వైన్ ఉందా అని కొత్తగా వచ్చిన చుట్టం అడిగితే వెయిటరు నవ్వి, సరిహద్దు అవతల మద్యం దొరికే దమణ్ దారి చెబుతాడు.

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం ఇక్కడ ఇంకా బతికే ఉంది. 1960 మే 1న గుజరాత్ వేరు రాష్ట్రమైనప్పుడు గాంధీ పుట్టిన నేల కదా అని దాన్ని అట్టే పెట్టుకున్నారు.

అలాగని వైన్ ఈ ఊరి భోజనానికి ఎన్నడూ ఎరగని వస్తువు కాదు. 1689లో ఓడెక్కి సూరత్ వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే ఇంగ్లిష్ పాదిరి, తాపీ ఒడ్డున ఈస్టిండియా కంపెనీ కోఠీలో భోజనాలెలా జరిగేవో నోరూరేలా రాసిపెట్టాడు. వెండి పళ్లేలు. ఇంగ్లిష్, పోర్చుగీసు, హిందుస్థానీ వంటవాళ్లు ముగ్గురూ ఉండేవారు. ఆదివారాలూ పండగలూ వస్తే జింక మాంసం, నెమలి మాంసం, పిస్తాలు, పర్షియా పళ్లు, వాటితో పాటు యూరప్ వైన్, పర్షియా వైన్. తాగింది మితంగానే, ఉత్సాహంగానే అని కూడా చెప్పాడు. అంతకు యాభై ఏళ్ల ముందు, 1638లో, మాండెల్‌స్లో అనే జర్మన్ యువకుడు ఈ ఊరి ఇంగ్లిష్ కోఠీలోనే అతిథిగా ఉన్నాడు. ఆయన చూసింది వేరే పూట. శుక్రవారం ప్రార్థన అయ్యాక కోఠీ పెద్ద, తోటి వర్తకులు కొందరు కూర్చునేవారట. ఇంగ్లండులో భార్యలను విడిచి ఓడెక్కింది శుక్రవారమేనట. అందుకని వాళ్లను తలచుకుంటూ స్పెయిన్ వైన్, లేదంటే సారాలో పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలిపిన పంచ్ తాగేవారు. కొందరు మోయలేనంత తాగేవారని ఆయన దాచకుండా రాశాడు.

ఒకే ఊరు, ఒకే కంపెనీ. ఆదివారం గ్లాసు తిండికి తోడు. శుక్రవారం గ్లాసు బెంగకు మందు. నిషేధం పుణ్యమా అని సూరత్‌లో ఇప్పుడు మిగిలింది శుక్రవారం గ్లాసే. ఆదివారం గ్లాసు నాసిక్ వెళ్లిపోయింది.

నాసిక్ అంటే మా వియ్యంకుల ఊరు. సాపుతారా ఘాట్ ఎక్కి దిగితే ద్రాక్షతోటలు మొదలవుతాయి. 1999లో రాజీవ్ సామంత్ సులా వైనరీ పెట్టకముందు ఆ ఊరి ద్రాక్ష ఎక్కువగా తినడానికే. ఇప్పుడు తోటలో కూర్చుని భోంచేయడానికే ముంబయి నుంచి కార్లు కడతారు. మా వియ్యంకుడు మాత్రం ఇంట్లో భోజనానికే వైన్ తీస్తాడు, వారానికి ఒక పూట. వియ్యపురాలు చేపల పులుసు దించి మూతపెట్టి, "అన్నయ్యగారూ, పులుసు నిలవాలి, అరగంట ఆగండి" అంటుంది. ఆ అరగంటలోనే ఆయన సీసా ఫ్రిజ్‌లోంచి తీస్తాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి చెబుతాను. ఎర్ర వైన్‌లో టానిన్ ఉంటుంది, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుండే వగరు. గుంటూరు కారం మీద ఆ వగరు పడితే రెండూ పోట్లాడుకుంటాయి. పైగా ఆల్కహాల్ మిరప మంటను పెంచుతుందే గాని చల్లార్చదు. అందుకే మన కూరలకు ఘాటు తక్కువ, కాస్త తీపి మిగిలిన చెనిన్ బ్లాంక్ మేలు. ఆ తీపి కారం మీద వెన్నలా పనిచేస్తుంది. చింతపండు పులుసుకు మాత్రం పుల్లటిదే కావాలి, సావిన్యాన్ బ్లాంక్ లాంటిది. పులుసు కంటే వైన్ పులుపు తగ్గితే గ్లాసులో నీళ్లు పోసినట్టుంటుంది. నూనెలో తేలిన పోంక్ వడకు బుడగల వైన్. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలనే మాట చలిదేశాల వాళ్లది. వాళ్ల గది 16, 18 డిగ్రీలు, మన గది ముప్ఫై దాటి ఉంటుంది. కాబట్టి ఎర్రదాన్నీ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. తెల్లదైతే 8, 10 డిగ్రీల దాకా చల్లబడాలి.

ఇదంతా పెద్ద విద్యేమీ కాదు. కానీ ఒక గ్లాసు వైన్ ఉంటే ముద్దకూ ముద్దకూ మధ్య మాట దొరుకుతుంది. పదిహేను నిమిషాల్లో చెయ్యి కడిగేసే మా ఇంటి మగవాళ్లు అక్కడ గంట కూర్చుంటారు. సీసా ఖాళీ చేయాలన్న తొందర ఎవరికీ ఉండదు, మిగిలింది బిరడా పెట్టి ఫ్రిజ్‌లోకి పోతుంది.

దమణ్‌లో ఈ నెమ్మది ఉండదు. శనివారం సాయంత్రం దమణ్ కోసం వాపీలో దిగే జనాన్ని చూడండి. తిరుగుదారిలో సరిహద్దు దాటించి ఒక్క సీసా తెచ్చినా నేరమే కాబట్టి, అక్కడే కడుపులో నింపుకుని రావాలి. పాంఫ్రెట్ వేపుడు ఎదురుగా చల్లారిపోతుంటుంది. అది తినడానికి వచ్చినవాడు ఆ బల్ల దగ్గర ఒక్కడూ ఉండడు.

ఇంతవరకు రాసి ఆపితే ఈ ఊరి లింబాయత్ పేటలో నన్ను గడప తొక్కనివ్వరు. అక్కడ మన మగ్గాలవాళ్లున్నారు, సిరిసిల్ల నుంచి, కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చి పవర్‌లూమ్‌ల మీద బతికేవాళ్లు. ఒకామెతో ఈ మాటే అంటే, "ఏందన్నా, నీ వైన్ నువ్వే తాగు. ఊళ్లె ఉంటే జీతం కల్లు దుకాన్ల పడ్తుండె. ఈడ ఇంటికొస్తున్నది" అంది. ఆ మాటకు బదులు లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగిందీ అందుకే. అంతకు చాలా ముందు, 1922లో, ఇదే సూరత్ జిల్లా ఆదివాసులు దేవి ఆనతి అని కల్లూ సారా మాని, దుకాణాలు నడిపే పార్శీల దగ్గర పనికి వెళ్లడం మానేశారు. అయితే లింబాయత్ వీధిలోనే రాత్రయితే పొట్లీ సారా దొరుకుతుందని ఆమెకూ తెలుసు. అందులో ఏం కలుస్తుందో ఎవరికీ తెలియదు. 2022 జులైలో బోటాద్, అహ్మదాబాద్ జిల్లాల్లో మిథనాల్ కలిసిన సారా తాగి నలభై మందికి పైగా పోయారు. చలికాలం పొద్దున్నే ఈ ఊళ్లో నీరా అమ్ముతారు, హాయిగా తాగొచ్చు. ఎండెక్కి పులిస్తే అదే చెట్టు పాలు నేరం.

నాకు చట్టంతో ఉన్న పేచీ ఒకటే. నలభై దాటి జబ్బుందని వైద్యులు సిఫారసు చేస్తే పర్మిట్ ఇస్తుంది. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన అతిథికి ఇస్తుంది. అంటే రోగం ఒక కారణం, టూరిజం ఒక కారణం. భోజనం మాత్రం కారణం కాలేదు. 2023 డిసెంబరు 17న మన సూరత్ ఖజోద్‌లో డైమండ్ బోర్స్ ప్రారంభమైంది. అయిదు రోజులకు, 22న, నిషేధం నుంచి సడలింపు వచ్చింది మాత్రం గాంధీనగర్ పక్కన గిఫ్ట్ సిటీ అనే ఆర్థిక కేంద్రానికి. అక్కడి ఉద్యోగులు, వాళ్లు వెంటబెట్టుకొచ్చిన అతిథులు హోటళ్లలో, రెస్టారెంట్లలో, క్లబ్బుల్లో ‘వైన్ అండ్ డైన్’ చేయొచ్చని అప్పటి ఉత్తర్వు. సీసా అమ్మకం లేదు, బల్ల దగ్గర కూర్చుని తాగాలి. ఇన్నేళ్లకు గుజరాత్ ప్రభుత్వం గ్లాసును విస్తరి పక్కన పెట్టి చూసింది.

నా మటుకు ఆ నియమం బాగుంది. సీసా వద్దు, దుకాణం వద్దు, లింబాయత్ ఆడబిడ్డ జీతానికి గండి పడొద్దు. తిండి ఉన్నచోట, తిండితో పాటు, ఒక గ్లాసు. కాకపోతే గిఫ్ట్ సిటీలో కూర్చున్నవాళ్లకే భోజనం చేయడం వచ్చునని, సూరత్ వాళ్లకు రాదని అనుకోవడం మాత్రం అన్యాయం.