తిరుపతి గుండుకు సాకుంది, కనుబొమకేదీ?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఆడమనిషి గుండుతో కనబడితే ఎవరూ ఉలిక్కిపడరు. "ఏమ్మా, తిరుపతికి పొయ్యొచ్చినావా?" అని అడుగుతారు, ప్రసాదమేదీ అని చెయ్యి చాపుతారు. క్యాన్సర్‌కు కీమో ఎక్కించుకుంటున్నవాళ్లు కొందరు ఆ మొక్కు మాటునే నాలుగు రోజులు గుట్టుగా నెట్టుకొస్తారు. కొంగు కప్పుకుంటే ఆ ప్రశ్న కూడా ఉండదు. కనుబొమలు రాలిన రోజున ఆ మాటు కాస్తా పోతుంది. కనుబొమలు ఇస్తానని ఏ దేవుడికీ ఎవరూ మొక్కుకోరు మరి. కారణం తెలియకపోయినా, ముఖంలో ఏదో తేడా కొట్టిందని ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

పైగా అవి రాలే సమయం కూడా తలవెంట్రుకలతో కలవదు. కీమో మందులు గబగబా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి. తలమీది వెంట్రుకల్లో నూటికి 85, 90 ఎప్పుడూ పెరిగే దశలోనే ఉంటాయి కాబట్టి మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకే దువ్వెన నిండిపోతుంది. కనుబొమల, రెప్పల వెంట్రుకలు ఎక్కువ భాగం పెరుగుదల ఆపి ఊరుకున్న దశలో ఉంటాయి. అందుకే వాటి వంతు ఆలస్యంగా వస్తుంది. కొందరికి ఆఖరి సైకిల్ పూర్తయి, ఇక గండం గడిచింది అనుకున్నాక రాలతాయి. ఎర్ర మందు అని రోగులు చెప్పుకునే డాక్సోరుబిసిన్‌తో, పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ లాంటి వాటితో ఇలా రాలడం ఎక్కువ. అన్ని మందులకూ జుట్టు రాలదు. కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటే మాత్రం పెట్టిన చోట వెంట్రుకలే పోతాయి.

లేని కనుబొమను ఉన్నట్టు గీసే విద్య ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ బళ్లారి నాటకకర్తలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, నటుడు బళ్లారి రాఘవల ఊరు. ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని రాఘవ పట్టుబట్టాడు గానీ, తెలుగు రంగస్థలం మీద చాలాకాలం చీర కట్టింది మగవాళ్లే. ఆడవేషాలకే పేరుపడ్డ స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. మగవాడి దట్టమైన కనుబొమ ఆడపాత్రకు నప్పదు. తడి సబ్బు రుద్ది వెంట్రుకలను అణచి, ఆరాక మీద రంగు పూసి కనుబొమను మాయం చెయ్యడం నాటకాల మేకప్‌లో పాత పద్ధతి. ఆ నున్నటి చోట సన్నటి కొత్త బొమ పుట్టేది. కీమో రోగికి మొదటి సగం పని మందే చేసిపెట్టింది, రెండో సగం మేకప్ మనిషి చేతిలోంచి తీసుకోవాలి.

దానికి తయారీ వెంట్రుకలు రాలకముందే మొదలుపెట్టాలి. కిటికీ దగ్గర వెలుతురులో ఎదురుగా ఒకటి, రెండు పక్కలనుంచీ చెరొకటి ఫోటోలు తీయించుకోవాలి. మీ కనుబొమ ఎంత పొడుగో, ఎక్కడ వంపు తిరుగుతుందో నెల తిరిగేసరికి మీకే గుర్తుండదు. ఫోటో లేకపోతే ఎముక చెబుతుంది. అద్దం ముందు నుదురు పైకెత్తి చూడండి, కండ కదిలేచోట వేలికి గట్టిగా తగిలే గట్టు ఉంటుంది. కనుబొమ ఉండేది దాని మీదే. పెన్సిల్‌ను ముక్కుపుటం అంచున నిలువుగా ఆనిస్తే అది నుదుటికి తగిలేచోట బొమ మొదలు. అదే అంచునుంచి నల్లగుడ్డు బయటి చివర మీదుగా వాలిస్తే వంపు. కంటి బయటి కొసమీదుగా వాలిస్తే చివర. ఈ మూడుచోట్లా మూడు చుక్కలు పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది తొందరపడి చుక్కలను ఒక్క గీతతో కలిపేస్తారు. నాటకంలో అది చెల్లుతుంది, చివరి వరసలో కూర్చున్నవాడికీ కనబడాలి కదా. ఎమ్మిగనూరు బజారు ఎండలో, మూరెడు దూరం నుంచి చూసేవాళ్ల ముందు అది అతికించినట్టుంటుంది. వెంట్రుకంత పొట్టి గీతలు ఒక్కొక్కటే గియ్యాలి. ముక్కు వైపు గీతలు పైకి, పోనుపోను చెవివైపు వాలుతూ. మొదట్లో పల్చగా, వంపు దగ్గర కాస్త చిక్కగా. రంగు కాటుక నలుపు వద్దు, ముదురు గోధుమరంగు పెన్సిల్ చాలు. రెండు కనుబొమలూ అచ్చంగా ఒక్కలా ఉండాలని మళ్లీ మళ్లీ దిద్దకండి, పుట్టుకతో వచ్చినవీ అలా ఉండవు. మైనపు పెన్సిల్ మన ఎండకు, చెమటకు కరిగి జారుతుంది. కాబట్టి గీశాక బ్రష్‌తో అదే రంగు పొడి అద్ది, దానిమీద కాస్త ముఖం పౌడర్ అద్దాలి. చేతులు తిమ్మిరెక్కడం కూడా కొన్ని కీమోలతో ఉంటుంది. అప్పుడు ఇంట్లో కోడలో కూతురో గీసిపెట్టాలి. పొద్దున్నే పట్టే ఆ కాసేపు ఇద్దరికీ అవసరమే అని నా అభిప్రాయం.

రెప్పల వెంట్రుకల సంగతి వేరు. అవి అందానికే కాదు, కంటికి కంచె కూడా. ఆదోనిలో జిన్నింగు మిల్లుల్లో పని చేసేవాళ్లకు, పత్తి తీసేవాళ్లకు, దూదినూగు ఎగిరే గాలిలో రెప్పవెంట్రుకలు లేకపోవడం ఎంత బాధో చెప్పక్కర్లేదు. కళ్లు మంటపుడతాయి, ఊరికే నీళ్లు కారతాయి. సాదా అద్దాలైనా సరే కళ్లజోడు పెట్టుకోవడం మంచిది. దుమ్ము ఆగుతుంది, పైఫ్రేము సగం కనుబొమను కప్పి గీతలోని లోపాన్నీ దాస్తుంది.

మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతి తెలిసిందే. గుంటగలగరాకు పసరులో గుడ్డ తడిపి ఆరబెట్టి, ఒత్తి చేసి, ఆముదపు దీపం వెలిగించి, పైన బోర్లించిన కంచుపళ్లానికి పట్టిన మసిని నెయ్యితో రంగరించి భరిణెలో దాస్తారు. ఆ కాటుకంటే నాకూ మమకారమే. అయినా కీమో నడుస్తున్నన్నాళ్లు దాన్ని కంటిలోపల పెట్టొద్దు. మందు ఎక్కాక ఏడోరోజు నుంచి పద్నాలుగో రోజు వరకు సాధారణంగా తెల్లకణాలు బాగా తగ్గి ఉంటాయి, వేలితో పెట్టే కాటుకతో చిన్న క్రిమి పోయినా కంటికి ముప్పు. సుర్మా అసలే వద్దు. దాని ముడిరాయి చాలాసార్లు సీసపు ఖనిజం.

కాటుక రేఖ పనిని మాత్రం బయటినుంచి చేయించుకోవచ్చు. పై రెప్ప అంచున, వెంట్రుకలు మొలిచే వరసకు ఆనించి, ముదురు గోధుమరంగు పెన్సిల్‌తో చుక్కలు దగ్గరదగ్గరగా పెట్టి, సన్నటి బ్రష్‌తో మెల్లిగా కలపాలి. అక్కడ వెంట్రుకల నీడ పడినట్టే ఉంటుంది. కింది రెప్పను వదిలెయ్యండి, నీరు కారే కంటికి కింద గీస్తే అది బుగ్గమీదికి దిగుతుంది. గీసేముందు ప్రతిసారీ పెన్సిల్ చెక్కాలి, పెళ్లింట్లో అయినా సరే ఇంకొకరికి ఇవ్వకూడదు.

పెట్టుడు రెప్పల జిగురు పల్చబడ్డ చర్మానికి పడకపోవచ్చు, డాక్టర్ని అడక్కుండా జోలికి పోవద్దు. పాత మస్కారా పారెయ్యండి. కనుబొమల పచ్చబొట్టు వేయించుకోవాలనుకుంటే చికిత్సకు చాలా ముందే వేయించుకోవాలి, నడిమధ్యలో సూది పనికిరాదు.

అమెరికాలో 1987లో ఒక డాక్టర్, ఆసుపత్రి గది దాటి బయటికి రాని రోగికి సాయం కోసం సౌందర్య సాధనాల కంపెనీల సంఘానికి ఫోన్ చేశాడు. దాన్నుంచి 1989లో 'లుక్ గుడ్ ఫీల్ బెటర్' అనే ఉచిత శిక్షణ పుట్టింది. అంత ఏర్పాటు లేకపోయినా, కర్నూలుకో బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికో మనవాళ్లు పోయే కీమో వార్డుల్లో నెలకొకపూట పద్యనాటకాల మేకప్ మనిషి ఒకరు కూర్చుంటే ఎంత పని జరుగుతుంది! ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ పథకం మందుల ఖర్చు చూస్తుంది, పెన్సిల్ పట్టుకోవడం ఎవరు నేర్పుతారు? తలకు గుడ్డ సంగతైతే ఎమ్మిగనూరు ఎవరినీ అడగనక్కర్లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. ఉతికి మెత్తబడ్డ మగ్గం నూలుగుడ్డ నున్నటి తలమీద పట్టులా జారదు, చెమట పీల్చుకుంటుంది. దాని అంచును గీసిన బొమకు రెండువేళ్ల పైన కడితే చూపు కళ్లమీదికే పోతుంది.

చికిత్స ముగిశాక సాధారణంగా రెండు మూడు నెలల్లో కొత్త మొలకలు వస్తాయి. మొదట సన్నగా, పల్చటి రంగులో, ఒక్కోచోట అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిని చూసి పార్లర్‌కు పరుగెత్తి దారం పట్టించొద్దు. రక్తకణాల లెక్క సరిపడిందని డాక్టర్ చెప్పి, బొమ పూర్తిగా నిండేదాకా ఆగాలి. ఈలోగా మొలకలున్నచోట వదిలేసి ఖాళీల్లోనే గీసుకుంటే చాలు.