లీనా వెర్ట్‌ముల్లర్: పాత్ర మాట, సినిమా మాట

ఒక సినిమాను విశ్లేషించమంటే మీలో చాలామంది మొదటి వాక్యంలోనే ‘ఈ చిత్రం ఇచ్చే సందేశం’ అంటూ మొదలుపెడతారు. జవాబు పత్రాలు దిద్దిన ఏ అధ్యాపకుడికైనా ఇది పరిచయమైన వాక్యమే. కథానాయకుడు చివరికి ఏ మాట అంటే సినిమా చెప్పేదీ అదే అనుకోవడం దీనికి మూలం. ఇటాలియన్ దర్శకురాలు లీనా వెర్ట్‌ముల్లర్ సినిమాల దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. ఆమె కథానాయకులు గొప్ప మాటలు చెప్పి నీచమైన పనులు చేస్తారు. మనల్ని నవ్విస్తారు, మనం నవ్వుతుండగానే ఎవరో ఒకరు చచ్చిపోతారు. మరి సినిమా ఎవరి పక్షాన ఉన్నట్టు? ఈ పాఠంలో మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే.

ఆమె 1928 ఆగస్టు 14న రోమ్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది. జర్మన్ పేరులా వినిపించే ఆ ఇంటిపేరు స్విట్జర్లాండ్ మూలాలున్న వంశం నుంచి వచ్చింది. నాటక శిక్షణ, బొమ్మలాటలు, రేడియో, టెలివిజన్, ఇలా అన్నిచోట్లా పనిచేసి, 1963లో విడుదలైన ఫెలీనీ చిత్రం ‘8½’కు సహాయకురాలిగా చేరారు. అదే ఏడాది తన తొలి చిత్రం ‘ఇ బజిలిస్కి’ తీశారు. దక్షిణ ఇటలీలోని ఒక చిన్న ఊళ్లో మధ్యాహ్నపు నిద్రలతో, పట్నం వెళ్తామన్న కబుర్లతో పొద్దుపుచ్చే కుర్రాళ్ల కథ అది. ఫెలీనీ తీసిన ‘ఇ విటెల్లోని’ (1953) ప్రభావం కనిపిస్తుంది. అయితే ఆ సోమరుల మీద ఫెలీనీకి ఉన్న మమకారం ఈమెకు లేదు. ఆ తేడా చిన్నదేమీ కాదు.

ఇక్కడ ఇటలీ గురించి ఒక్క మాట చెప్పాలి. ఉత్తరాన కర్మాగారాలు, డబ్బు, అధికారం. దక్షిణాన పేదరికం, భూస్వాముల పెత్తనం, సిసిలీలో మాఫియా. రెండో ప్రపంచ యుద్ధం తరువాత లక్షలాది దక్షిణాది శ్రామికులు ట్యూరిన్, మిలాన్ వంటి నగరాలకు వలస వెళ్లారు. వెర్ట్‌ముల్లర్ హాస్యమంతా ఈ పగులులోంచే పుడుతుంది. ‘ది సెడక్షన్ ఆఫ్ మిమీ’ (1972)లో మిమీ మాఫియా అభ్యర్థికి ఓటు వేయనందుకు పని పోగొట్టుకుని ట్యూరిన్ చేరతాడు, కమ్యూనిస్టు అవుతాడు. కానీ భార్య మరొకరి వల్ల గర్భవతి అయిందని తెలియగానే అతనిలోని పాత సిసిలీ మగాడు ‘పరువు’ అంటూ లేచి కూర్చుంటాడు. ఆశయం బుర్రకెక్కింది, ఒంటికి మాత్రం పట్టలేదు. ‘లవ్ అండ్ అనార్కీ’ (1973)లో ముస్సోలినీని చంపడానికి రోమ్ వచ్చిన పల్లెటూరి యువకుడు తూనిన్ ఒక వేశ్యాగృహంలో దాక్కుంటాడు. ఈ పాత్రకు జంకార్లో జన్నీనీ కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి పొందాడు. అతని పెద్ద కళ్లు ఆమె సినిమాలకు సగం సంభాషణ.

ఇక ‘సెవెన్ బ్యూటీస్’ (1975). ఆమె చిత్రాలలో ఉత్తమమైనది ఇదేనని నా అభిప్రాయం. నేపుల్స్ నగరంలో ఏడుగురు అక్కచెల్లెళ్లున్న పస్క్వలీనో కుటుంబ పరువు పేరుతో ఒక హత్య చేస్తాడు. శిక్ష తప్పించుకోవడానికి పిచ్చివాడిగా నటిస్తాడు. పిచ్చాసుపత్రిలో కట్టేసి ఉన్న ఒక రోగిపై అత్యాచారం చేస్తాడు. అక్కడినుంచి బయటపడడానికి సైన్యంలో చేరి, సైన్యం నుంచి పారిపోయి, చివరికి జర్మన్ నిర్బంధ శిబిరంలో పడతాడు. ప్రాణం దక్కించుకోవడానికి శిబిరాధికారిణిని వలలో వేసుకోవాలని పూనుకుంటాడు. ఆమె అతనికి తిండి పెట్టి, పని కానిచ్చుకుని, బహుమానంగా తోటి ఖైదీల మీద పెత్తనం ఇస్తుంది. చంపడానికి ఆరుగురిని ఎంపిక చేయమంటుంది. అతను చేస్తాడు. తన మిత్రుడు ఫ్రాన్చెస్కోను కూడా తన చేత్తోనే కాలుస్తాడు.

మానసిక శాస్త్రవేత్త బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో ‘న్యూయార్కర్’ పత్రికలో ఈ సినిమాను తీవ్రంగా ఖండించారు. ఆయన 1938–39లో దాకౌ, బూకెన్‌వాల్డ్ శిబిరాల్లో ఖైదీగా ఉన్నవారు. అందువల్ల ఆయన మాటను తేలికగా తీసేయకూడదు. ఎలాగైనా బతికి బయటపడడమే ముఖ్యమని ఈ సినిమా చెబుతోందని, శిబిరాల్లో ఖైదీలు ఒకరికొకరు చేసుకున్న సహాయాన్ని అది మరుగుపరుస్తోందని, నవ్వు కలిసినందువల్ల భయానకం పలచబడుతోందని ఆయన అభ్యంతరం.

చివరి రెండు విషయాల్లో ఆయనతో వాదించడం కష్టం. మొదటిదానిలో మాత్రం ఆయన పాత్ర మాటను సినిమా మాటగా తీసుకున్నారని నేను అనుకుంటాను. రుజువు సినిమాలోనే ఉంది. పెద్రో అనే అరాచకవాది ఖైదీ, మనుషులు విపరీతంగా పెరిగిపోయి ఒక ఆపిల్ పండు కోసం చంపుకునే రోజు వస్తుందని హెచ్చరిస్తాడు. కొత్త మనిషి పుట్టాలంటాడు. చివరికి లొంగకుండా మలకూపంలోకి దూకి చస్తాడు. ఫ్రాన్చెస్కో కూడా తిరగబడి చావును ఎంచుకుంటాడు. పస్క్వలీనో ఇంటికి తిరిగొచ్చి, తాను పెళ్లాడబోయే పిల్లతో ఏమంటాడో గమనించండి. పాతికమందినో ముప్పైమందినో పిల్లల్ని కనాలి, ఎందుకంటే రేపు ఆత్మరక్షణకు జనం కావాలి అంటాడు. పెద్రో హెచ్చరికను విన్నవాడు దాన్ని సరిగ్గా తలకిందులు చేసి మోసుకొచ్చాడు. ఆ పిల్లా, అతని అక్కచెల్లెళ్లూ అప్పటికే అమెరికన్ సైనికులకు ఒళ్లమ్ముకుని బతుకుతున్నారు. ఏ పరువు కోసం అతను హత్య చేశాడో అది ఇంట్లోనే మిగల్లేదు. తల్లి మాత్రం కొడుకు బతికి వచ్చాడని సంబరపడుతుంది. అవును, బతికే ఉన్నానంటాడు అతను. కెమెరా ఆ ముఖాన్ని వదలదు. మాట బతుకు గురించి, కళ్లలో మాత్రం బతుకు లేదు. సందేశం రాయాలని తొందరపడేవారు ఆ మాట విని ఆగిపోతారు. విమర్శకుడు ఆ ముఖం కూడా చూడాలి.

అయితే ఈ సమర్థనను ఆమె అన్ని సినిమాలకూ తాళంచెవిలా వాడకండి. ‘స్వెప్ట్ అవే’ (1974)లో అది పనిచేయదు. ఉత్తరాది ధనిక స్త్రీ రఫాయెల్లా, దక్షిణాది కమ్యూనిస్టు నావికుడు జెన్నరీనో ఒక నిర్జన ద్వీపంలో చిక్కుకుంటారు. ఓడలో ఆమె యజమాని, ద్వీపంలో అతను యజమాని. అతను కొడతాడు, అవమానిస్తాడు, చివరికి ఆమె అతన్ని ప్రేమిస్తుంది. రఫాయెల్లా ఒక స్త్రీ కాదు, ఒక వర్గానికి ప్రతీక అని సమర్థించేవారున్నారు. వాదనగా బాగుంది. కానీ తెర మీద దెబ్బలు తినేది ప్రతీక కాదు, మరియాంజెలా మెలాతో శరీరం. ‘సెవెన్ బ్యూటీస్’లో పస్క్వలీనో మాటను కాదనే ముఖాలున్నాయి, మరణాలున్నాయి. ఇక్కడ ద్వీపం మీద జెన్నరీనోను కాదనేవారు ఎవరున్నారు? ముగింపులో ఆమె తన లోకానికి ఎగిరిపోవడం ఒక్కటే. అది కూడా అతని దుఃఖంగానే మనకు కనిపిస్తుంది. నటన అద్భుతం, హాస్యం పదును. అయినా ఆ దెబ్బల లెక్క సినిమా తేల్చలేదు.

‘సెవెన్ బ్యూటీస్’కు నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ దర్శకత్వ విభాగంలో ఒక స్త్రీ పోటీపడడం అదే మొదలు. 1977 వేడుకలో బహుమతి ‘రాకీ’ దర్శకుడికి వెళ్లింది. ఆ విభాగంలో రెండో స్త్రీ, జేన్ కాంపియన్ పేరు వినపడడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా వెర్ట్‌ముల్లర్ ఇంగ్లీషులో తీసిన ‘ఎ నైట్ ఫుల్ ఆఫ్ రెయిన్’ (1978) విఫలమైంది. ఆ తరువాతి చిత్రాల్లో నేపుల్స్ ప్రాంతపు బడిపిల్లల కథ ‘చావో, ప్రొఫెస్సోరె’ (1992) తప్ప మళ్లీ మళ్లీ చూడదగినవి తక్కువే. 2019లో గౌరవ ఆస్కార్ అందుకున్నప్పుడు ఆమె వయసు 91. ఆ విగ్రహానికి ఒక ఆడపేరు కూడా ఉండాలి, ‘అన్నా’ అని పిలుద్దాం అన్నారు ఆ వేదిక మీద. 2021 డిసెంబర్ 9న రోమ్‌లో కన్నుమూశారు.