క్రియకు రెండో పీట

2011లో ఐరోపా బయటివాళ్లకి ఫీజులు పెట్టేదాకా స్వీడన్‌లో మాస్టర్స్ చదువు ఉచితం. కార్ల్స్‌క్రోనాలోని బ్లెకింగె విద్యాసంస్థ పేరు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మోగింది ఆ రోజుల్లోనే. ఇప్పుడు ఫీజు కట్టి అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. క్లాసులో ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చు గానీ, ఉద్యోగం చేసి అక్కడే స్థిరపడాలంటే స్వీడిష్ తప్పదు. తెనాలి నుంచో రేపల్లె నుంచో వెళ్లినవాళ్లకి ఈ భాష ఎందుకు కొరుకుడు పడదంటే అందరూ చెప్పే కారణం ఒకటే: మన క్రియ వాక్యం చివర, వాళ్ల క్రియ మధ్యలో. నాకు ఈ మాట సగమే నిజమనిపిస్తుంది. అడ్డుపడేది తెలుగు కంటే ఎక్కువగా మధ్యలో దూరిన ఇంగ్లీషు.

స్వీడిష్ ప్రధాన వాక్యంలో కదలనిది ఒక్కటే, క్రియ. పంక్తిలో దానిది రెండో పీట. మొదటి పీట మీద కర్త కూర్చోవచ్చు, కాలం కూర్చోవచ్చు, చోటు కూర్చోవచ్చు. ‘నిన్న తెనాలిలో పుస్తకం కొన్నాను’ అనడానికి ‘ఇగోర్ షొప్తె యాగ్ ఎన్ బూక్ ఇ తెనాలి’ అంటారు. వరస చూడండి: నిన్న, కొన్నాను, నేను, ఒక పుస్తకం, తెనాలిలో. ‘నిన్న’ ముందుకొచ్చింది కాబట్టి ‘నేను’ క్రియ వెనక్కి జరిగింది. ఇంగ్లీషులో అలా జరగదు. ఏది ముందుకొచ్చినా కర్త మామూలుగా క్రియకి ముందే ఉంటుంది. ఆ అలవాటుతో మనవాళ్లు ‘ఇగోర్ యాగ్ షొప్తె’ అనేస్తారు. తెలుగులో కూడా దేని గురించి చెబుతున్నామో అది ముందుకొస్తుంది. ‘తెనాలిలో నిన్న కొన్నాను’, ‘పుస్తకం నిన్న కొన్నాను’ రెండూ చెల్లుతాయి. క్రియకి ఒక చోటు ఖాయం చేసి తక్కినవాటిని తిరగనివ్వడం మనకి పుట్టుకతో వచ్చిన విద్యే, చోటు వేరంతే.

పెద్ద వాక్యాల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ‘నేను తెనాలి వచ్చేసరికి వాన పడింది’ అన్నప్పుడు ‘వచ్చేసరికి’ దాకా ఉన్నదంతా ముందే వస్తుంది. అలా ముందుంచడమే తెలుగుకి సహజం. స్వీడిష్‌లో ఆ ముక్కంతా కలిసి మొదటి పీట, వెంటనే క్రియ: ‘నార్ యాగ్ కొమ్ తిల్ తెనాలి, రెంగ్నదె దే’. తెలుగువాడు స్వీడిష్ మాట్లాడే ప్రతి పూటా ఈ అచ్చు ఎదురవుతుంది.

సొంత భాష అంత సాయం చేస్తుందా అని అడగొచ్చు. స్వీడన్ పిల్లలు జర్మన్ నేర్చుకునేటప్పుడు, రెండు భాషల్లోనూ క్రియ రెండోదే అయినా, మొదట్లో తప్పుతారని 2002లో భాషా పరిశోధకులు హోకన్సన్, పీనెమన్, సాయెలి చూపించారు. దాన్నిబట్టి మాతృభాష వరస మొదట్లోనే కొత్త భాషలోకి రాదన్నారు. 2006లో మరో పరిశోధకురాలు ఉటె బోనాకర్ దీనికి బదులిచ్చారు. ఇంగ్లీషు రాని పెద్దవయసు స్వీడన్ వాళ్లు జర్మన్‌లో క్రియని రెండోచోటే ఉంచారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు తడబడ్డారు. చిన్న పరిశీలనే, తెలుగువాళ్ల మీద చేసిందీ కాదు. అయినా నడుమ నేర్చిన భాష ఎలా అడ్డుపడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలీదు.

తెలుగు వాక్యం గురించి తెలుగువాళ్లకే సరిగా చెప్పకపోవడం మన వైపు లోపం. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధి, సమాస, కారక, క్రియా పరిచ్ఛేదాలున్నాయి. వాక్యానికి విడిగా పరిచ్ఛేదం లేదు. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ వచ్చింది 1975లో. బళ్లో సవర్ణదీర్ఘం వల్లించినవాడు వాక్య నిర్మాణమన్న మాట ఎక్కువగా వినేది ఇంగ్లీషు క్లాసులో. కొత్త భాషకి అదే కొలబద్ద పట్టుకెళ్లడంలో వాడి తప్పేముంది?

స్టాక్‌హోమ్ శివార్లలో వలస కుటుంబాల కుర్రాళ్లు క్రియ రెండోచోటే ఉండాలన్న నియమం కొన్నిసార్లు పాటించరు, అయినా అర్థమవుతుంది కదా అని ఇంకో వాదన. అర్థమవుతుంది. కానీ వాళ్లు అక్కడే పెరిగినవాళ్లు, కావాలనుకుంటే రెండు రకాలుగానూ మాట్లాడగలరు. కొత్తగా నేర్చేవాళ్లకి ఆ వీలుండదు.

తెలుగు సాయం అందని చోటు మాత్రం ఒకటుంది: వ్యతిరేకం. మనం ‘చదవను’ అని క్రియలోనే కలిపేస్తాం. వాళ్లది విడి మాట, ‘ఇంతె’. ప్రధాన వాక్యంలో క్రియ తర్వాత వస్తుంది, ‘యాగ్ లేసెర్ ఇంతె’. ఉపవాక్యంలో క్రియకి ముందుకు దూకుతుంది, ‘అత్ యాగ్ ఇంతె లేసెర్’. దీనికి ఇంగ్లీషూ అక్కరకి రాదు. సాధన గంటలన్నీ ఇక్కడ ఖర్చుపెట్టాలి.