లోపలి కుట్టు

ఇంప్లాంట్లు పెట్టించుకున్న కొన్నాళ్లకు ఒక రొమ్ము కిందికి జారి, రెండోది పైనే ఉండిపోతే తప్పంతా ఇంప్లాంటుదే అనిపిస్తుంది. దాన్ని తీసి కొత్తది పెడితే సరి కదా అంటారు. ఇలాంటివి మళ్లీ సరిచేసే ప్లాస్టిక్ సర్జన్లు ముందుగా ఆరా తీసేది ఇంప్లాంటు కూర్చున్న చోటు గురించి. వాళ్ల భాషలో అది పాకెట్. అది చెడితే ఎంత ఖరీదైన ఇంప్లాంటు పెట్టినా మళ్లీ అదే దారిన జారుతుంది.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో తొలి సిలికాన్ ఇంప్లాంట్లు అమర్చారు. ఆ తర్వాత జెల్ మారింది, పైతొడుగు మారింది. ఒంటి తీరు మాత్రం అదే: బయటి వస్తువు ఏది పెట్టినా దాని చుట్టూ ఒక పొర అల్లేస్తుంది. ఆ పొర బిగుసుకుపోతే ఇంప్లాంటును పిండి పైకి నెడుతుంది. ఈ బిగువును నాలుగు మెట్లుగా చూసే బేకర్ కొలమానం నేటికీ వాడుకలో ఉంది. నాలుగో మెట్టుకు వచ్చేసరికి రొమ్ము గట్టిపడి, ఆకారం చెడి, నొప్పి పెడుతుంది. క్యాన్సర్‌కు రొమ్ము తీసేసి ఇంప్లాంటుతో మలిచినచోట, రేడియేషన్ తగిలిన వైపు ఈ బెడద ఎక్కువ. అదే పొర సాగి వదులైతే ఇంప్లాంటు రొమ్ము కింది మడతను దాటి జారిపోతుంది, చనుమొన పైకి తిరుగుతుంది.

నాకు అబ్బురమనిపించేది ఈ జారుడును సరిచేసే పని. మత్తు ఇవ్వకముందే మనిషిని నిలబెట్టి మార్కర్‌తో గీతలు గీస్తారు. పడుకుంటే రొమ్ము పక్కకు ఒరిగి, మడత ఎక్కడుండాలో తెలియదు. మెడ కింది గుంట నుంచి చనుమొన దాకా, అక్కడినుంచి మడత దాకా రెండువైపులా టేపుతో కొలుస్తారు. చాలాసార్లు అసలు సంగతి ఇక్కడే బయటపడుతుంది: ఒక భుజం కాస్త కిందికి ఉంటుంది, ఒకవైపు పక్కటెముకలు ముందుకు పొడుచుకొస్తాయి, వెన్ను కొద్దిగా వంగి ఉంటుంది. ఎప్పటినుంచో ఉన్న తేడానే ఇంప్లాంట్లు పడ్డాక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదటి ఆపరేషన్‌కు ముందటి ఫొటోలు అడిగి చూసే సర్జన్ మీద నాకు గురి ఎక్కువ.

థియేటర్లో వీలైనంతవరకు పాత మచ్చ మీదే కోసి ఇంప్లాంటు బయటికి తీస్తారు. లోపల ఆ పొరే నునుపైన గోడలా ఉంటుంది. మడత ఎక్కడికి రావాలో బయటినుంచి సూది గుచ్చి లోపల గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తు వెంట ముందు గోడను వెనక గోడకు కలిపి కుడతారు. రెండు నున్నటి పొరలు ఊరికే అతుక్కోవు కనుక ముందు కాటరీతో కాల్చో, కొంత పొర కోసి తీసేసో పచ్చి చేస్తారు. అసలు నేర్పంతా సూది ఎంత లోతు దిగాలన్నదే. పైపైన పడితే ఇంప్లాంటు బరువుకు కుట్టు ఊడుతుంది, మరీ లోతుకు పోతే పక్కటెముకల వెనక ఊపిరితిత్తి ఉంది, చర్మాన్ని పట్టుకుంటే బయట సొట్ట పడుతుంది. ఒక వరుస మీద భరోసా లేక దానిపైన ఇంకో వరుస కూడా వేస్తుంటారు.

తర్వాత తాత్కాలికంగా సైజర్ అనే నమూనా ఇంప్లాంటు ఒకటి పెట్టి, మత్తు డాక్టర్‌కు చెప్పి, టేబుల్ తలవైపు లేపి మనిషిని కూర్చోబెడతారు. మొదట్లోనే చేతులు సమానంగా చాపి కట్టిందీ, భుజాలు సరిచూసిందీ ఇందుకే. సర్జన్ టేబుల్ కాళ్లవైపుకు వెళ్లి నిలబడి చూస్తారు. కుడుతున్నప్పుడు దగ్గర్నుంచి కనబడని వంకర అక్కడినుంచి తెలిసిపోతుంది. ఒక కుట్టు ఎక్కువ బిగిసి మడత మధ్యలో నొక్కు పడిందా, వెనక్కి వచ్చి ఆ ఒక్కదాన్నీ తెంపి మళ్లీ వేస్తారు. మళ్లీ లేపి చూస్తారు. సరిచేసిన వైపు మడతను కొందరు కావాలనే కాస్త పైన ఉంచుతారు, వారాలు గడిచేకొద్దీ దిగుతుందని తెలుసు కనుక. టేబుల్ మీదే అచ్చం ఒకేలా కనబడాలన్న యావ లేని చెయ్యి అది.

పొర మరీ పలచబడితే కుట్టు నిలవదు. అలాంటప్పుడు పాత పాకెట్‌ను మూసేసి, దాని ముందు గోడకూ పైనున్న ఛాతీ కండరానికీ మధ్య కొత్త పాకెట్ విప్పే పద్ధతి ఉంది. స్కాట్ స్పియర్, పాట్రిక్ మాక్స్‌వెల్ వంటి అమెరికన్ సర్జన్లు 2009 ప్రాంతంలో దీన్ని పేపర్లలో వివరించారు. ఇంప్లాంటు పట్టేంత చోటే, వేలెడు కూడా ఎక్కువ విప్పకూడదు. మిగిలిన చిన్నాచితకా తేడాలకు పొట్ట నుంచి తీసిన కొవ్వు ఎక్కిస్తారు. అందులో కొంత కరిగిపోతుంది, ఎంతన్నది ముందే లెక్కగట్టలేరు.

మొదటి ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే కంగారుపడి వచ్చిన వాళ్లకు, అత్యవసరమేదీ లేకపోతే, మూడు నుంచి ఆరు నెలలు ఆగమంటారు. వాపు రెండువైపులా ఒకే వేగంతో తగ్గదు, కండరం ఒకవైపు ఆలస్యంగా వదులవుతుంది. రొమ్ములు రెండూ అక్కచెల్లెళ్లే తప్ప కవలలు కావని ఈ సర్జన్ల మధ్య ఓ మాట ఉంది. అలా ఆగినవాళ్లలో కొందరికి రెండో ఆపరేషన్ అవసరమే రాదు.