సారా చర్చిలు రచనలు

ప్రసిద్ధుల సంతానము గ్రంథరచనకుఁ బూనినపుడు విమర్శకులు సాధారణముగ రెండు త్రోవలలో నొకదానిం బట్టుదురు. జనకుని కీర్తినిబట్టి గ్రంథమును మెచ్చుకొనుట యొకటి; ఆ కీర్తితోఁ దూఁచి తేలికపఱచుట రెండవది. ఈ రెంటను గ్రంథమును జదువుట యను పని మిగిలిపోవును. ఆంగ్లదేశ ప్రధానామాత్యుఁడైన విన్‌స్టన్ చర్చిలు కూఁతురు, నటి, రచయిత్రి యగు సారా చర్చిలు (1914-1982) విషయమున నీ రెండును దప్పుత్రోవలే.

ఈమె నటనావృత్తి నవలంబించుట తండ్రికి రుచించిన కార్యము కాదు. 1935-36 లోఁ గాక్రన్ నడపిన ‘ఫాలో ది సన్’ ప్రదర్శనమున నామె బృందనర్తకులలో నొకతెగాఁ జేరెను. అందలి హాస్యనటుఁడు విక్ ఆలివరు నామెకంటెఁ బదునాఱేండ్లు పెద్దవాఁడు. ఇంటివారి యసమ్మతిని లెక్కింపక యాతనిని 1936 డిసెంబరులో న్యూయార్కునఁ బెండ్లాడెను. 1945 లో నా బంధము తెగినది. 1951 నాఁటి ‘రాయల్ వెడ్డింగ్’ చలనచిత్రమున ఫ్రెడ్ ఆస్టేరు సరసన ధరించిన నర్తకిపాత్ర యామెకు విశేషఖ్యాతిఁ దెచ్చెను. రెండవభర్త 1957 లోను, మూఁడవభర్త 1963 లోను గతించిరి. పానవ్యసనమును, దానిపై వార్తాపత్రికల వ్రాఁతలును నామెను వెన్నాడెను. ఇది యెల్ల రెఱిఁగిన కథయే. దీనిపై నిలువఁ బనిలేదు.

తండ్రి మరణించిన రెండేండ్లకు, 1967 లో, ‘ఏ థ్రెడ్ ఇన్ ది టాపెస్ట్రీ’ యను చిన్న పొత్తము వెలువడెను. చిత్రకంబళమున నొక దారమని యా పేరున కర్థము. దారము తానని పేరే చెప్పుచున్నది; కంబళమెవరిదో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. దీనిని వినయమని మాత్రమే గ్రహించుట చాలదు. ఇది నటి యెఱిఁగిన పద్ధతి. రంగమున నాయకుఁడు పలుకుచుండఁగాఁ బ్రక్కనున్న పాత్ర కదలక నిలుచుటయు నటనమే కదా! అట్లు నిలుచువారికే నాయకుని ముఖము దగ్గఱగాఁ గానవచ్చును.

ఈ నిలుకడ యామెకు బ్రదుకుననే యలవడినది. యుద్ధకాలమున నామె వైమానికదళపు స్త్రీవిభాగమునఁ జేరి, మెడ్మెనమ్ అను చోట, విమానములనుండి తీసిన ఛాయాచిత్రములఁ బరిశీలించి శత్రుసన్నాహములఁ గనిపెట్టు పని చేసెను. 1942 నవంబరులో నుత్తరాఫ్రికాపై దండు వెడలిన రాత్రి, ఇన్ని నౌకలు సాగుచున్నవని తండ్రి యామెకు రహస్యముగఁ జెప్పెను. ఆమె యా సంఖ్యను సవరించెను! నీకెట్లు తెలియునని యాతఁ డడుగఁగా, నెలలతరబడి యా పనియందే యుంటినని బదులు చెప్పెను. నా కేల చెప్పవైతి వనఁగా, రహస్యపాలన మనునది కలదు గదా యనెను. లోకమునకు నాయకుఁడైనవాఁడు కూఁతునెదుట నొక్కక్షణము ప్రేక్షకుఁడైన ఘట్టమిది. 1943 లోఁ దెహరానునకును, 1945 లో యాల్టాకును దండ్రివెంట నేఁగినదియు నీమెయే. యాల్టానుండి తల్లికి వ్రాసిన లేఖలు చరిత్రకారులకు నేఁటికిని బనికివచ్చుచున్నవి.

అయినను సాక్ష్యము వేఱు, సాహిత్యము వేఱు. తండ్రికొఱకు వ్రాసిన పొత్తమున నాయకుఁ డొక్కఁడగుటచేఁ గట్టుదల యున్నది. తన బ్రదుకునే వస్తువుగాఁ గొని 1981 లోఁ బ్రకటించిన ‘కీప్ ఆన్ డాన్సింగ్’ అట్లు కాదు. అందుఁ గట్టు సడలినది. దారము కంబళమునుండి విడివడి తానే వస్త్రము కాఁబూనినపుడు కలుగు చిక్కిది. కాని యా సడలినచోటనే పూర్వగ్రంథమున వినరాని కంఠము వినవచ్చును. ధైర్యమునకు రెండవదే మేలు, శిల్పమునకు మొదటిది.

ఈ రెంటికిని ముందే, 1966 లో, ‘ది ఎంప్టీ స్పేసెస్’ అను పద్యసంపుటము వెలసినది. శూన్యస్థలములని దాని యర్థము. తండ్రి పోయిన మఱుసటి యేఁటనే యామె తన పేర నిట్టి గ్రంథమును ముందు నిలిపి, తండ్రి స్మృతిని దరువాతఁ జేపట్టినది. విమర్శకులు స్మృతిగ్రంథముతోఁ బ్రారంభించి, పద్యములను దుదకు, తీరిక యున్నచోఁ జూతురు. ఆమె గ్రంథములఁ బ్రకటించిన వరుస మాత్ర మట్లు లేదు.