నొప్పి లేని సూది

2024లో శ్రీవిజయపురమను క్రొత్త పేరు తాల్చిన మా పోర్ట్‌బ్లెయిరులో, సూదితో జెల్లు ఎక్కించి ముఖములోని గీతలు పూడ్పించుకొనవలెనను కోరిక పెండ్లివారి ఇండ్లలో ఇటీవల తరచుగా వినబడుచున్నది. “మామయ్యా, ఏ ఫిల్లరు మంచిది? నొప్పి తెలియనిది ఏది?” అని మా మేనకోడలు అడిగినప్పుడు, రెండవ ప్రశ్నయే ముందు పుట్టినదని నాకు తోచినది.

అందమునకై చర్మమును బాధించుకొనుట ఈ అండమాను దీవులకు క్రొత్త కాదు. 1906లో ఇచ్చటికి వచ్చి, తాను చూచినదానిని 1922లో గ్రంథముగా ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్, ఆదివాసులు బాల్యమునుండియే పలుగురాతి పెచ్చుతోను, సీసాలు దొరకిన పిదప గాజుపెంకుతోను ఒంటిపై సన్నని గాట్లు పెట్టుదురనియు, దానివలన అందమును బలమును కలుగునని నమ్ముదురనియు వ్రాసినాడు. జంగ్లీఘాటులోని మన ముసలమ్మల ముంజేతి పచ్చబొట్లు సైతము ఏ మత్తును ఎరుగక పొడిపించుకొన్నవే. ఆ ఓర్పును గౌరవింతును గాని అనుకరింపుమని ఎవరికిని చెప్పను. 1943లో స్వీడను దేశమున రసాయనశాస్త్రజ్ఞుడు లోఫ్‌గ్రెన్ లిగ్నొకైను అను మత్తుమందును కనుగొన్న పిమ్మట పండ్లు బిగించి కూర్చుండుటలో ఘనత యేమున్నది?

లిగ్నొకైను, ప్రిలొకైను కలిసిన లేపనము పూసి, పైన పలుచని పొర కప్పి గంటసేపు ఆగుట, మంచుగడ్డ అద్దుట, పెదవుల చికిత్సకు పంటివైద్యుని వలె నరమునకు మత్తిచ్చుట, జెల్లులోనే మత్తు కలిపియున్న సిరంజిని ఎన్నుకొనుట, ఇవన్నియు నేడు సామాన్యములు. కావున నొప్పినిబట్టి ఫిల్లరును ఎంచుకొనుట అనవసరము.

ఎంచుకొనవలసినది మరియొకదానినిబట్టి. 1981లో అమెరికా అనుమతించిన పశుచర్మపు కొల్లాజెనునకు ముంజేతిపై ముందుగా పరీక్ష చేసి, వారముల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. 2003లో అచ్చటనే అనుమతి పొందిన హయలురోనిక్ ఆమ్లపు జెల్లు మన చర్మమునందును, కీళ్ళయందును సహజముగా ఉండు పదార్థమునకు బంధువు. బెడిసికొట్టినచో హయలురోనిడేజ్ అను ఎంజైముతో దానిని కరిగింపవచ్చును. కాల్షియం హైడ్రాక్సిలపటైటు అను మరియొక ఫిల్లరునకు అట్టి విరుగుడు లేదు.

ఇక నొప్పి యెడల నాకు గల గౌరవమునకు కారణము వేఱు. జెల్లు పొరపాటున ధమనిలో దూరి రక్తమును అడ్డగించినచో చర్మము పాలిపోవును, వల అల్లినట్లు రంగు మారును, మితిమీరిన నొప్పి పుట్టును. అరుదుగా చూపే పోవును. మత్తులోనున్న చర్మము ఆ మూడవ సాక్ష్యమును చెప్పకపోవచ్చును. అందుచే మంచి వైద్యుడు “నొప్పి యున్నదా?” అని అడిగి ఊరకుండక, వ్రేలితో నొక్కి విడిచి, ఎఱుపు తిరిగి వచ్చుటను కన్నులార చూచును.

చెన్నపట్టణమునకు విమానములో రెండుగంటల పైచిలుకు, విశాఖకు ఓడలో దినముల ప్రయాణముగల మాబోటివారికి ఈ అపాయము పుస్తకపు మాట కాదు. అడ్డుపడిన రక్తమునకు ఓడ రాకపోకల పట్టికతో పనిలేదు. హయలురోనిడేజ్ గదిలోనే సిద్ధముగా ఉన్నదా యని అడుగుమనియు, ఆ ప్రశ్నకు తడబడిన చోట ఎంత చల్లని లేపనము పూసినను కుర్చీ ఎక్కవలదనియు మేనకోడలికి చెప్పితిని. కమిలిన మచ్చలు మానుటకు వారము రెండు వారములు పట్టును గనుక ముహూర్తమునకు చాలముందే పోవలెను. చెన్నపట్టణములో చేయించుకొన్నచో ఆ సాయంకాలమే విమానమెక్కి రాక, రెండుదినములు అచ్చటి బంధువుల ఇంట నిలిచి, అద్దములో రంగు చూచుకొని మరీ రావలెను.