ఒక్క పన్ను తేడా

తడలో పన్ను అనగానే పాతవాళ్ళకు గుర్తొచ్చేది భీములవారిపాళెం చెక్‌పోస్టు. 2017లో జీఎస్టీ వచ్చేదాకా మద్రాసు దారి లారీలు అక్కడ బారులు తీరేవి. నేను చెప్పబోయేది ఆ పన్ను గురించి కాదు. పాత బుల్లెట్ మోటార్‌సైకిల్ గేర్‌బాక్సు పక్కన చైన్‌ను లాగే చిన్న చక్రం (స్ప్రాకెట్) ఉంటుంది, షెడ్లలో అందరూ ‘స్పాకెట్’ అనేది. దాని పన్ను గురించి. 350 సీసీ బండికి మామూలుగా ఆ పళ్ళు 16. దాన్ని 17 చేయాలా, 18 చేయాలా, జోలికే పోకూడదా అన్నది బుల్లెట్ మనుషుల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ.

ఆ బండి పుట్టిల్లు తడకు దూరమేమీ కాదు. దక్షిణంగా వెళితే మద్రాసు ఉత్తరపు అంచున తిరువొత్తియూరు. సరిహద్దు గస్తీకి సైన్యం 800 బళ్ళు అడిగాక, 1955లో మద్రాస్ మోటార్స్ ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో చేయి కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియాను మొదలుపెట్టింది. 1970లో ఇంగ్లండులో తయారీ ఆగిపోయింది. ఇక్కడ మాత్రం అదే పోత ఇనుప ఇంజన్ మరో నలభై ఏళ్ళు నడిచింది. అందుకే యాభై ఏళ్ళ బండికి కూడా సామాను దొరుకుతుంది, విప్పడం తెలిసిన చేతులూ దొరుకుతాయి.

ముందు లెక్క చూద్దాం. ఇంజన్ చివర 25 పళ్ళు, అది తిప్పే క్లచ్‌కు 56. గేర్‌బాక్సు నుంచి బయటికొచ్చే స్ప్రాకెట్‌కు 16, వెనక చక్రానికి 38. టాప్ గేరులో గేర్‌బాక్సు తనవంతుగా ఏమీ తగ్గించదు. కాబట్టి వెనక చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజన్ సుమారు 5.3 సార్లు తిరగాలి. 17 పళ్ళు వేస్తే అది 5కు దిగుతుంది, 18 వేస్తే 4.7కు. 19 అంగుళాల చక్రంతో గంటకు 80 కిలోమీటర్ల వేగం మీద 16 పళ్ళ బండి ఇంజన్ నిమిషానికి దాదాపు 3,500 చుట్లు తిరిగితే, 18 పళ్ళది 3,100 దగ్గర ఆగుతుంది. ఆ ఇంజన్‌లో పిస్టన్ ఒక్కో పోటుకు 90 మిల్లీమీటర్లు పోవాలి. తడ నుంచి మద్రాసుకు ఎనభై కిలోమీటర్లు అనుకుంటే, దారి పొడుగునా ఇరవై మూడు వేల చుట్లు మిగులుతాయి. కాళ్ళకు, చేతులకు ఆ తేడా మీటరు చూడకుండానే తెలుస్తుంది.

వెనక స్ప్రాకెట్ మారిస్తే సరిపోదా అని అడుగుతారు. చాలా బళ్ళకు అదే సులువు, నాలుగు బోల్టుల పని. పాత బుల్లెట్‌లో ఆ 38 పళ్ళూ బ్రేకు డ్రమ్ముతో ఒకే ముక్క. అందుకే ముందుదాని మీద పడతారు. ముందుదేమో క్లచ్ వెనక దాక్కుని ఉంటుంది.

కాబట్టి ఇది ఒక పూట పని. ఎడమ ఫుట్‌రెస్టూ బ్రేకు పెడలూ తీయాలి, కింద పళ్ళెం పెట్టాలి. ప్రైమరీ కేసు మూతంతా మధ్యలో ఉన్న ఒకే ఒక్క నట్టు మీద నిలబడి ఉంటుంది. అది వదలగానే నూనె దిగిపోతుంది. ఆ తర్వాత కరెంటు పుట్టించే స్టేటర్, రోటర్, ఆపైన క్లచ్ ప్లేట్లు, జంట వరసల ప్రైమరీ చైన్, దాని రెండు చక్రాలు, లోపలి కేసు. ఇంత ఊడదీశాకే మనక్కావలసిన స్ప్రాకెట్ మొహం కనిపిస్తుంది. దాన్ని కదలకుండా పట్టుకోవడానికి గొట్టానికి పాత చైన్ ముక్క వెల్డింగ్ చేసిన పనిముట్టు ఒకటి ఉంటే చాలు. ఉలీ సుత్తీ పెట్టి నట్టును కొట్టేవాడి చేతికి బండి ఇవ్వకండి. ఇంత దూరం వచ్చాక వెనకున్న ఆయిల్ సీల్ కూడా మార్చేయాలి. పది రూపాయలు మిగులుతాయని పాతదే ఉంచితే, నెల తిరక్కుండానే మళ్ళీ ఇదంతా విప్పాలి.

బిగించేటప్పుడు మంచి మెకానిక్ ఎక్కడ నెమ్మదిస్తాడో చూడాలి. స్టేటర్‌కూ రోటర్‌కూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. దళసరి కార్డు ముక్క అంతటా దూరుతోందో లేదో తిప్పి చూస్తాడు. మూత నట్టును మాత్రం బలం కొద్దీ బిగించడు. నూనె కారుతోందని ఇంకా బిగిస్తే మూత వంగి మరింత కారుతుంది.

చైన్ కొత్తది అక్కర్లేదు. ఒక పన్ను పెరిగితే చక్రం నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరిగితే సరి. ఇరుసుకు రెండు వైపులా ఉన్న నత్తగుల్ల ఆకారపు కామ్‌లను ఒకే గాటు దగ్గర ఆపితే ఆ పని అయిపోతుంది. చైన్ అరిగి సాగిపోయి ఉంటే మాట వేరు, కొత్త పళ్ళను అదే తినేస్తుంది.

17కు నేను ఓటేయడానికి ఇంకో కారణం ఉంది. చైన్‌లో లింకులు మామూలుగా సరిసంఖ్యే, లోపలిదీ బయటిదీ ఒకదాని తర్వాత ఒకటి. చక్రానికీ సరిసంఖ్య పళ్ళుంటే, లోపలి లింకులో దూరిన పన్ను బతుకంతా లోపలి లింకుల్లోనే దూరుతుంది. 17 అయితే చుట్టు చుట్టుకీ జత మారుతుంది, అరుగుదల అందరికీ పంచబడుతుంది. 18కి ఆ సుఖం లేదు.

18 వేస్తే వేగం పెరుగుతుందన్నది భ్రమ. ఉన్నదే 18 గుర్రాల బలం, అదీ 5,625 చుట్ల దగ్గర. పులికాట్ సరస్సు మీదుగా ఎదురుగాలి లేచిన సాయంత్రం ఆ బండి టాప్ గేరులో ఈడ్వలేక మూడుకు దిగుతుంది. వెనక మనిషీ సంచీ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది కనుక, అది ఇదివరకు ఎంత అబద్ధం చెప్పేదో ఇప్పుడూ అంతే చెబుతుంది.

తడవాళ్ళ చిక్కు వేరు. దక్షిణానికి తిరిగితే బల్లపరుపు హైవే, అక్కడ 17 హాయి. పడమరకు తిరిగి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి చేరి, 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కాలంటే మాత్రం 16 విలువ తెలిసొస్తుంది. మలుపులో వేగం పోయాక రెండో గేరులో ఇంజన్ గునిసే చోట, ఆ ఒక్క పన్ను తగ్గడమే క్లచ్‌ను కాపాడుతుంది. నెలకోసారి కొండకు పోయేవాళ్ళు 16 తోనే ఉండాలి. ఏడాదికోసారి పోయేవాళ్ళు 17 వేసుకుని, ఘాట్‌లో ఒక గేరు ముందే దించుకుంటే సరిపోతుంది.

ఏది వేసినా, ఊడిన స్ప్రాకెట్‌ను పాత ఇనుప సామానువాడికి తూకానికి వేయకండి. సరస్సు ఉప్పుగాలికి వారంలో తుప్పు లేస్తుంది. గ్రీజు దట్టంగా పూసి, గుడ్డలో చుట్టి, పళ్ళెన్నో పైన రాసి అటక మీద పెట్టండి.